మూసిన పెట్టె, డొల్ల బండ: ఇంట్లో కట్టుకున్న సబ్‌వూఫర్ సమీక్ష

నా సబ్‌వూఫర్‌లో, అంటే లోతైన బేస్ శబ్దాలు మాత్రమే పలికే స్పీకర్ పెట్టెలో, నన్ను ఇన్నేళ్లుగా పట్టి ఉంచింది ఒక్కటే: దెబ్బ ఎక్కడ ఆగాలో అక్కడ ఆగిపోతుంది. డప్పు మీద సిర్ర పడితే ఆ దెబ్బే వినబడుతుంది, వెనకాల బుమ్మ్‌మని తోక లాగదు. కొట్లో వాయించి చూసిన హోమ్ థియేటర్ సెట్లలో నాకు తోకే ఎక్కువ వినిపించింది. అందుకే గాలి బయటికి పోయే పోర్ట్ గొట్టం లేకుండా అన్ని వైపులా మూసేసిన పెట్టె చేయించాను. 12 అంగుళాల వూఫర్ (పెట్టెలో బిగించే స్పీకర్), లోపల 40 లీటర్ల జాగా, 18 ఎంఎం ఎండీఎఫ్ (చెక్కపొడి అదిమి చేసిన పలక), ముందు పలక మాత్రం రెండు పొరలు. ఆ లీటర్లు ఊహకు వేసినవి కావు, వూఫర్‌తో వచ్చిన కాగితంలోని థీల్-స్మాల్ అంకెల (ఆ వూఫర్ గుణాలను చెప్పే కొలతలు) నుంచి లెక్కగట్టినవి. ఆ కాగితం ఇవ్వని వూఫర్ ఎంత చవగ్గా వచ్చినా నేనైతే కొనను. పలకలు కోసిన ఆచారికి మాత్రం చివరిదాకా నమ్మకం కుదరలేదు. "గాలి పోయేదానికి బొక్క లేకుండా సౌండెట్లొస్తాది సార్?" అంటూనే బిగించాడు.

మొదటి ఏడాది ఏ గొడవా లేదు. తర్వాతి వేసవిలో కొన్ని పాటలకు మాత్రం జుయ్‌మని ఒక సన్నటి రొద మొదలైంది. వూఫర్ లోపలి తీగచుట్ట, అదే కాయిల్, రాసుకుంటోందేమోనని టెన్షన్ పట్టుకుంది. వూఫర్ విప్పి, దాని ముందున్న గరాటులాంటి కోన్‌ను రెండు చేతులతో సమంగా నొక్కి చూశాను, ఎక్కడా గీసుకోవడం లేదు. గాస్కెట్ మార్చాను, లోపలి వైర్లను పెట్టె గోడకు తగలకుండా కట్టాను. అయినా రొద అట్లాగే ఉంది. సరే అని ఫోన్‌లో ఒకే స్వరం మోగించే టోన్ యాప్ పెట్టి 30 హెర్ట్జ్ (సెకనుకు 30 కంపనాలు) నుంచి మెల్లగా పైకి తెచ్చాను. 38 దగ్గర రొద మొదలై 42 దాటగానే పోతోంది. మా హాలు పొడవు 14 అడుగులు. అంత పొడవున్న గదిలో 40 హెర్ట్జ్ దగ్గర ధ్వని ఎదురెదురు గోడల మధ్య కూడుకుని ఇంకా బలపడుతుంది. అందులోనూ పెట్టె మూలన ఉంది.

ఆ టోన్ మోగుతుండగానే మా అమ్మ వంటింట్లోంచి చెప్పుల్లేకుండా వచ్చి పెట్టె ముందు నిలబడింది. రొద టక్కున ఆగింది. "ఏమిరా, నా కాలికింద జుమ్ముమంటాంది?" అంది. పక్కకు జరగమన్నాను, మళ్లీ మొదలైంది. కడపలో చాలా ఇళ్లలాగే మాదీ నల్ల బండల నేల. రూపాయి బిళ్లతో ఒక్కో బండనూ తట్టి చూస్తే మిగతావి గట్టిగా పలికాయి, అమ్మ నిలబడ్డ ఆ ఒక్కటి మాత్రం కుండలా మోగింది. అడుగున సిమెంటు వదిలేసి డొల్లబడింది, అంచు పక్క బండకు కొట్టుకుంటోంది. బేల్దారి వచ్చి సందులు గీకి సిమెంటు పాలు పోసి, ఆరేదాకా తొక్కొద్దని చెప్పి వెళ్లాడు. ఆరాక అదే టోన్ పెట్టి విన్నాను. ఆ రొద మళ్లీ రాలేదు.

మూసిన పెట్టె తప్ప వేరే దారే లేదని మొదట్లో కనబడినవాళ్లందరికీ చెప్పేవాణ్ణి. ఇప్పుడు అంత గట్టిగా అనను. 40 హెర్ట్జ్ కిందికి దిగేకొద్దీ దీని గొంతు తగ్గిపోతుంది, సినిమాలో పేలుడు వస్తే వినబడుతుంది గానీ కుర్చీ కదలదు. ఆ లోతు కావాలని వాల్యూమ్ పెంచితే మే నెల మధ్యాహ్నాల్లో యాంప్లిఫైయర్ వెనక రేకు మీద చెయ్యి పెట్టలేం. ఎండీఎఫ్‌కు నీళ్లు పడవు. రోజూ తడిగుడ్డ పెట్టే ఇల్లు కాబట్టి అడుగు అంచు ఒకపక్క ఉబ్బింది, రబ్బరు బుష్‌ల మీదికి ఎత్తాక ఆ ఉబ్బు పెరగలేదు. చేయించుకుంటే డబ్బు మిగులుతుందన్న మాటా నిజం కాలేదు, ఇంచుమించు అదే ఖర్చుకు కొట్లో రెడీమేడ్‌ది వచ్చేది.

నాకైతే ఇది చాలు. నేను వినేది ఎక్కువగా పాటలు, అదీ రాత్రి భోజనాలయ్యాక, తక్కువ వాల్యూమ్‌లో. మాది కింది అంతస్తు. సినిమాలకే కావాలనుకునేవాళ్లు, హాలు పెద్దదైనవాళ్లు పోర్ట్ ఉన్నదాన్నే చూసుకోవడం మేలు. అపార్ట్‌మెంట్‌లో మూడో అంతస్తులో ఉండే మా తమ్ముడు "నాకూ ఒకటి చేయించు అన్నా" అని వెంటపడుతున్నాడు. ముందు రెండో అంతస్తు వాళ్లను అడిగి రమ్మన్నాను.