అమ్మమ్మ జ్ఞాపకాల పుస్తకం: స్కానింగుకు మంచి మార్కులు, రాతకు కాదు

తొంభై ఏళ్లు దాటి జీవించిన అమ్మమ్మ కన్నుమూసిన తరువాత, ఇంట్లో మిగిలిన ఫొటోలు, ఉత్తరాలు, ఒక పాత ఆడియో క్యాసెట్ కలిపి పుస్తకంగా అచ్చు వేయించాలని మా కుటుంబం నిర్ణయించుకుంది. ఆ పని చేసిన సంస్థ పేరు ఇక్కడ రాయడం లేదు. ఇలాంటి సేవ తీసుకోదలచినవారికి ఏది బాగా జరుగుతుందో, ఎక్కడ పట్టుబట్టాలో చెప్పడమే ఈ సమీక్ష ఉద్దేశం.

ముందుగా మెచ్చుకోవలసినది స్కానింగు. నలుపు తెలుపు ఫొటోలో బొమ్మ వెండి కణాలతో ఏర్పడుతుంది కనుక చాలాకాలం నిలుస్తుంది. రంగుల ఫొటోలోని రంగులు మాత్రం చీకటి పెట్టెలో దాచినా క్రమంగా వెలిసిపోతాయి. అందువల్ల అమ్మమ్మ పడుచుతనంలోని ముఖం స్పష్టంగా ఉండి, నడివయసు ముఖం ఎర్రబారి మసకేసింది. జిగురు పేజీల ఆల్బమ్‌లో అతుక్కుపోయిన ఫొటోలను సిబ్బంది బలవంతంగా లాగకుండా, సన్నని దారాన్ని కిందుగా జరుపుతూ ఓపికగా విడదీశారు. ఊడిరాని వాటిని పేజీతో సహా స్కాన్ చేశారు. 600 డీపీఐలో (అంగుళానికి 600 చుక్కల వివరంతో) చేయడం వల్ల 4x6 అంగుళాల ఫొటోను రెట్టింపు పరిమాణంలో అచ్చు వేసినా నాణ్యత తగ్గలేదు.

అయితే ఫొటోల వెనుక వైపును మనం అడిగితే తప్ప స్కాన్ చేయరు. అమ్మమ్మ పెన్సిలుతో రాసుకున్నవన్నీ అక్కడే ఉన్నాయి. అక్కచెల్లెళ్లిద్దరూ పక్కపక్కన నిలబడిన ఒక ఫొటో వెనుక ఆమె ముందు ఒక పేరు రాసి, దాన్ని కొట్టేసి, పక్కన "కాదు, చిన్నది" అని దిద్దింది. ఆ ఇద్దరిలో ఎవరు ఎవరన్న విషయంలో బంధువుల మధ్య ఏళ్లుగా నలుగుతున్న వాదం ఆ రెండు మాటలతో తేలిపోయింది.

సవరణల దగ్గర మాకు అసంతృప్తి మొదలైంది. మరకలు, గీతలు తీసేయమంటే సాఫ్ట్‌వేర్ ముఖంలోని ముడతలను కూడా తుడిచేసింది; ఎవరి మాటనైనా అనుమానించినప్పుడు కనుబొమల మధ్య పడే ఆ నిలువు గీత మాయమై, ఎనభై ఏళ్ల మనిషి ఎవరో తెలియని నడివయసు స్త్రీలా తయారైంది. ఒక నలుపు తెలుపు ఫొటోకు అడగకుండానే రంగులు వేశారు. అలాంటి ఫొటోలో అసలు రంగుల సమాచారమే ఉండదు కనుక ఆ రంగులన్నీ ఊహలే. అభ్యంతరం చెప్పగానే మారుపలకకుండా సరిచేసిన మాట నిజమే. అయినా ముఖాన్ని ముట్టుకోవద్దని ముందుగానే రాతపూర్వకంగా చెప్పడం మంచిది.

అన్నిటికన్నా బలహీనమైనది రాత. వారిచ్చిన ప్రశ్నావళి పుట్టుక, పెళ్లి, పిల్లలు, మరణం అన్న వరసలో నడుస్తుంది. చివరి బిడ్డ పెళ్లి తరువాత ఆమె గడిపిన దశాబ్దాలన్నీ ఒకే పేరాలో "ప్రేమమూర్తి", "త్యాగమూర్తి" వంటి మాటల కింద అణిగిపోయాయి. భూతద్దం పట్టుకుని దినపత్రికను ప్రకటనలతో సహా చదివి, అందులోని తప్పులను ఎర్ర సిరాతో దిద్దిన మనిషి ఆ పేరాలో ఎక్కడా లేదు. మందు వేసుకోమన్న వైద్యుణ్ణి "ముందు నీ వయసెంతో చెప్పు నాయనా" అని నిలదీసిన మనిషి అంతకన్నా లేదు. ఆ అధ్యాయాన్ని తీసేయించి, కుటుంబసభ్యులు చెప్పినవాటిని వారి మాటల్లోనే చేర్చాం. చిన్నప్పుడు తప్పిపోయిన కథను అమ్మమ్మ ఒక్కొక్కరికి ఒక్కో ముగింపుతో చెప్పింది. వాటిలో ఏది నిజమో తేల్చే ప్రయత్నం చేయకుండా అన్నీ అచ్చు వేయించాం. పుస్తకంలో అందరూ ముందుగా తెరిచే పేజీలు అవే.

క్యాసెట్ మార్పిడి బాగుంది. గరగర శబ్దం తగ్గించిన ప్రతితో పాటు, ఏ సవరణా లేని వేవ్ ఫైలు (కుదించని ఆడియో ఫైలు) కూడా అడిగి తీసుకోవాలి. శుభ్రం చేసిన ప్రతిలో అనవసరమని కత్తిరించిన చోట అమ్మమ్మ మధ్యలో ఆగి, "అది తిరుగుతోందా, నేను ఊరికే మాట్లాడుతున్నానా?" అని అడుగుతుంది. ఆ ప్రశ్న అసలు ఫైలులోనే దొరికింది. ఆ ఆడియో వినేందుకు పుస్తకంలో ముద్రించిన క్యూఆర్ కోడ్ సంస్థ సర్వర్ నడిచినంతకాలమే పనిచేస్తుంది కనుక ఫైళ్లను బంధువుల ఇళ్లన్నిటిలో విడివిడిగా దాచుకున్నాం.

కాగితం, కుట్టు విషయంలో వంక పెట్టేందుకేమీ లేదు. రెండు పేజీల మీద పరిచిన కుటుంబ చిత్రంలో మాత్రం అమ్మమ్మ సరిగ్గా మడతలో పడింది. తెర మీద చూసిన ప్రూఫులో ఈ లోపం కనబడదు. అచ్చుకు ఒప్పుకునే ముందు కాగితం మీద ఒక నమూనా ప్రతి తప్పక తెప్పించుకుని, ఇంట్లో అందరికన్నా పెద్దవారి చేతికివ్వండి. మా నమూనాలో రెండు పేర్లు తారుమారయ్యాయని పట్టుకున్నది అమ్మమ్మ చెల్లెలే.