సముద్రం ఒడ్డున ఏడేళ్లు మోసిన 50 లీటర్ల బ్యాగ్

2018 డిసెంబర్‌లో సికింద్రాబాద్‌లో ఈ బ్యాగ్ కొన్నాను. 50 లీటర్లు, ఖాళీగా ఉంటే కేజీ ఏడు వందల గ్రాములు, అప్పట్లో 4,600 రూపాయలు. కొండల్లో ట్రెక్కింగ్ కోసమని తీసుకున్నా, మొదటి ప్రయాణమే విశాఖ నుంచి భీమిలికి, సముద్రం పక్కన నడక. ఆ తర్వాత ఇక సముద్రాన్ని వదల్లేకపోయాను. నర్సాపురం, అంతర్వేది, ఉప్పాడ, సూర్యలంక, అటు పడమటి ఒడ్డున గోకర్ణ. మొత్తం పదకొండు ప్రయాణాలు, అన్నీ ఈ బ్యాగ్‌తోనే. ఈ మోడల్ ఇప్పుడు అమ్మడం లేదు కాబట్టి పేరు రాసినా ఉపయోగం లేదు. కానీ సముద్ర తీరానికి బ్యాగ్ కొనేవాళ్లు ఏం చూసుకోవాలో నాకు నేర్పింది ఇదే. దుకాణంలో మనం జేబులు లెక్కపెడతాం, రంగు చూస్తాం. ఒడ్డున బ్యాగ్‌ని పాడు చేసేవి ఉప్పు, ఇసుక, తేమ. వాటి గురించి ఒక్క అమ్మకందారూ చెప్పలేదు.

ముందు నాకు నచ్చిన సంగతి, నడుము బెల్టు. ఆ మొదటి ప్రయాణంలో విశాఖలో గోదావరి ఎక్స్‌ప్రెస్ దిగి, రుషికొండలో టిఫిన్ చేసి నడక మొదలుపెట్టాను. వీపు మీద తొమ్మిది కేజీలు. పొడి ఇసుకలో అడుగు దిగబడిపోతుంది, కాళ్లు లాగేస్తాయి. ఆటు సమయంలో నీరు వెనక్కి తగ్గి తడి ఇసుక గట్టిపడినప్పుడు నడిస్తే హాయి. అలాంటి చోట నడుము బెల్టు విలువ తెలుస్తుంది. దాన్ని తుంటి ఎముకల మీద బిగిస్తే భుజాల మీది భారం చాలావరకు నడుము మీదికి దిగిపోతుంది. నా ఎత్తు ఐదడుగుల మూడంగుళాలు. వీపు పట్టీని ఒక మెట్టు కిందికి దించుకునే ఏర్పాటు ఉండబట్టి బెల్టు సరిగ్గా తుంటి మీద కూర్చుంది. కొనేముందు కొట్లోనే లోపల బరువు పెట్టించుకుని పది నిమిషాలు నడిచి చూడండి. సన్నటి నాడాలాంటి బెల్టుంటే వద్దు.

మంగమారిపేట దగ్గర చేపలు ఆరబెడుతున్న ఒకావిడ నన్ను ఆపి, "ఏటి తల్లీ, ఇంత మూట ఒక్కదానివే మోస్తన్నావా?" అంటూ నీళ్లిచ్చింది. ఆ ఊరి పక్కనే తొట్లకొండ. బౌద్ధ భిక్షువులు రాతిలో తొలిచిన నీటి తొట్లు ఉన్నాయి కాబట్టే ఆ పేరు. బ్యాగ్ దింపకుండానే పైకెక్కాను. అక్కడి నుంచి సముద్రం చూశాక కొండ కింద ఎంత సేపు నడిచానన్నది గుర్తు లేదు. మర్నాడు ఎర్రమట్టి దిబ్బలు. ఆ మట్టి ఎంత మెత్తనిదంటే, బ్యాగ్ అడుగు కుట్లలో ఇప్పటికీ ఎర్రటి గీత ఉంది. ఎన్నిసార్లు కడిగినా పోలేదు, నాకూ పోవాలని లేదు.

ఇక జిప్పులు. రెండో ఏడాది పక్క జేబు జిప్పు బిగుసుకుపోయింది. చూస్తే రన్నర్ మీద తెల్లటి పొడి. నాకు తోచింది నేను చేశాను, కొబ్బరినూనె రాశాను. అది పెద్ద తప్పు. నూనెకు ఇసుక అంటుకుంది, లాగిన ప్రతిసారీ ఇసుక జిప్పు పళ్లను కొరుకుతూ వచ్చింది. సూర్యలంకలో ఉండగా జిప్పు పూర్తిగా విడిపోయింది, తాడు కట్టుకుని ఇల్లు చేరాను. సికింద్రాబాద్‌లో బ్యాగులు కుట్టే పెద్దాయన ఒకరున్నారు. ఆయన చేత్తో తడిమి చూసి, "పండ్లు మంచిగనే ఉన్నయి బిడ్డా, రన్నరే పోయింది. ఉప్పు తిన్నది" అన్నారు. ముప్పై రూపాయలకు కొత్త రన్నర్ వేసి, నూనె మాట మరిచిపోయి కొవ్వొత్తి రుద్దమన్నారు. అప్పటి నుంచి ప్రతి ప్రయాణానికి ముందు పాత టూత్‌బ్రష్‌తో పళ్లు దులిపి కొవ్వొత్తి రుద్దుతున్నాను. నాలుగేళ్లుగా ఆ జిప్పు ఆగలేదు.

అన్నిటికన్నా బాధ పెట్టింది లోపలి పూత. 2020 లాక్‌డౌన్‌లో బ్యాగ్‌ని అటక మీద పెట్టేశాను, కడగకుండా. ఏడాది దాటాక తీస్తే లోపలంతా జిగట, పుల్లటి వాసన, బట్టలకు తెల్లటి పొట్టు. బట్టకు లోపలివైపు వేసే పాలియురేథేన్ పూత తేమకు నెమ్మదిగా విరిగిపోతుందట. ఉప్పు గాలిలోని తేమను లాగి పట్టుకుంటుంది కాబట్టి, కడగని బ్యాగ్‌లో ఆ పని ఇంకా త్వరగా జరుగుతుంది. కొన్న చోట అడిగితే వాడకం వల్ల వచ్చింది, వారంటీలోకి రాదన్నారు. కోపం వచ్చింది. కడగాలని ఒక్క కాగితం మీద రాసిచ్చినా నేను కడిగేదాన్ని కదా. గోరువెచ్చని నీళ్లు, కొంచెం సబ్బు, మెత్తని బ్రష్‌తో ఊడిన పూతంతా తీసేశాను. వాసన పోయింది. నీటిని ఆపే గుణమూ దాంతోనే పోయింది.

అందుకే ఇప్పుడు బేగంబజార్‌లో దొరికే మందపాటి పాలిథిన్ సంచి లోపల పెట్టి, దాంట్లో బట్టలు సర్దుతున్నాను. వాన కవర్ బ్యాగ్‌తో పాటే వచ్చింది కానీ దాన్ని నమ్మకండి. నర్సాపురం నుంచి సఖినేటిపల్లికి పంటు (బల్లకట్టు) మీద గోదావరి దాటుతుంటే బ్యాగ్ కింద పెట్టాను. తడి చెక్కల మీంచి నీళ్లు అడుగు నుంచి ఎక్కాయి. కవర్ పైన మాత్రమే కదా కప్పేది. అంతర్వేదిలో నది సముద్రంలో కలిసే చోటు చూడాల్సిన సాయంత్రం బట్టలు ఆరేసుకోవడంతో సరిపోయింది.

బట్ట గట్టిదనానికి మాత్రం పూర్తి మార్కులు. గోకర్ణలో ఓం బీచ్ నుంచి హాఫ్ మూన్ బీచ్‌కి వెళ్లే సన్నటి దారిలో జారి, బ్యాగ్‌తో సహా రాతికి తగిలాను. నా మోచెయ్యి గీసుకుపోయింది, బ్యాగ్‌కి గరుకు మరక తప్ప చిరుగు లేదు. ఛాతీ పట్టీ పెట్టుకుని ఉండబట్టి బరువు పక్కకు ఊగలేదు, లేకపోతే ఇంకా కిందికి వెళ్లేదాన్ని.

కడగడం గురించి ఒక మాట. మా ఇంట్లో బోరు నీళ్లతో కడిగితే తెల్ల చారలు పడతాయి, అవీ లవణాలే. కుళాయికి మంజీరా నది నీళ్లు వచ్చే రోజు దాకా ఆగి, బకెట్‌లో ముంచి, రెండుసార్లు నీళ్లు మార్చి, తలకిందులుగా నీడలో వేలాడదీస్తాను. ఎండలో వద్దు, నైలాన్ బలహీనపడుతుంది. పూర్తిగా ఆరడానికి ఇక్కడి గాలికి రెండు రోజులు పడుతుంది.

ఐదుకి నాలుగు ఇస్తాను. ఆ ఒక్కటీ లోపలి పూతకు తగ్గించాను. నడుము బెల్టులో స్పాంజి ఇప్పుడు కొంచెం అణిగింది, పెద్దాయన కొత్తది కుట్టి పెడతానన్నారు. సంక్రాంతి దాటాక కళింగపట్నం వెళ్తున్నాను, వంశధార సముద్రంలో కలిసే చోట మొదలుపెట్టి ఉత్తరంగా బారువ వైపు ఎంత వీలైతే అంత నడవాలని. తాబేళ్లు గుడ్లు పెట్టడానికి ఒడ్డుకొచ్చే కాలం అది. బ్యాగ్ బాల్కనీలో ఆరుతోంది.