1984 అంబాసిడర్ మార్క్ 4: కంపెనీ పార్టులు ఎన్నాళ్లు వచ్చాయంటే

నలభై ఏళ్లు లేటుగా రాస్తున్న రివ్యూ ఇది, ఏమనుకోకండి. మా తాతయ్య 1984లో కొన్న పెట్రోల్ అంబాసిడర్, 1489 సీసీ, గేరు రాడ్డు స్టీరింగు పక్కనే. ఇప్పటికీ నెలకి రెండుసార్లు తెనాలి నుంచి విజయవాడ వెళ్లొస్తుంది. పాత అంబీ కొందామనుకునేవాళ్లు బండి చూడగానే "అన్నీ ఒరిజినల్ పార్టులేనా?" అంటారు. అన్నీ ఒరిజినలే అని ఎవరైనా చెప్తే నేనైతే ఆ బండి ఎక్కను, ముఖ్యంగా బ్రేకుల సంగతిలో.

ముందు ఇంజన్. తాతయ్య పెట్రోలు, ఆయిలు లెక్కలన్నీ డైరీలో రాసేవారు కాబట్టి మీటరు కేబుల్ తెగినప్పుడు కూడా కిలోమీటర్లు దొరుకుతాయి. మొదటిసారి బోరింగ్ (అరిగిన సిలిండర్లని తొలిచి నున్నగా చేయడం) చేయించింది 1998లో, లక్షా పన్నెండు వేల దగ్గర. పొగ, ఆయిల్ తాగడం, ఎత్తు ఎక్కలేకపోవడం, ఇక తప్పలేదు. లేత్ షాపులో సిలిండర్లు బోరు చేసి, పిస్టన్లు తిప్పే క్రాంకు ఇరుసుని గ్రైండ్ చేయించి, ట్వెంటీ సైజు, అంటే ఒరిజినల్ కంటే ఒక పిసరు లావు పిస్టన్లు వేశారు. బోరు పెట్టిన ప్రతిసారీ సిలిండర్ గోడ కాస్త పల్చబడుతుంది, ఫార్టీ సైజు కూడా అయిపోతే ఇక లోపల కొత్త గొట్టాలు దిగ్గొట్టడమే, స్లీవులంటారు. అంటే మాది ఒరిజినల్ ఇంజన్ అని చెప్పుకునే మాటలో నిజంగా మిగిలింది బ్లాకు, హెడ్డు, క్రాంకు. ఆ బ్లాకు, హెడ్డుల పోత ఇనుముకి మాత్రం దండం పెట్టాలి, అంబాసిడర్‌కి మూలమైన ఇంగ్లీషు కారు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ కాలం నాటి డిజైన్, బరువుకి భయపడకుండా పోశారు.

హెడ్డుకి దెబ్బ తగిలింది వాడకం వల్ల కాదు, పెట్రోలు వల్ల. 2000లో దేశమంతా సీసం లేని పెట్రోలు వచ్చేసింది. అప్పటిదాకా హెడ్డులో వాల్వులు ఆనే చోట్లని, అంటే వాల్వు సీట్లని కాపాడింది ఆ సీసమే, అది పోయాక వాల్వులు మెత్తటి ఇనుములోకి మెల్లగా దిగబడిపోతాయి, వాల్వు పైన ఉంచాల్సిన సందు, ట్యాపెట్ గ్యాప్, ఎన్నిసార్లు పెట్టినా తగ్గిపోతూనే ఉంటుంది. మాకు విషయం తెలియడానికి నాలుగేళ్లు పట్టింది. గట్టి సీట్లు వేయించాక మళ్లీ హెడ్డు విప్పలేదు.

గేరుబాక్సు ఇంతవరకు విప్పలేదు. ఫస్ట్ గేరుకి సింక్రో (గేరు మెత్తగా పడేలా చేసే ఏర్పాటు) లేదు, బండి పూర్తిగా ఆగకుండా వేస్తే అరుస్తుంది, కొత్తలోనూ అరిచేదట. వెనక చక్రాలని తిప్పే డిఫరెన్షియల్ కూడా అంతే, ఆయిల్ మార్చడం తప్ప దాని జోలికి పోలేదు. వెనక కమాన్ కట్టల్లో ఒక పట్టీ విరిగింది, అది మా పెద్దమ్మ గారి పెళ్లి సామానంతా ఒక్క ట్రిప్పులో తెచ్చిన పాపం.

ఇక రబ్బరు. బ్రేకుల్లోని వీల్ సిలిండర్ కప్పులు, హోసులు, ఆయిల్ సీళ్లు, మౌంటింగులు, ఇవి బండి తిరిగినా తిరక్కపోయినా పోతాయి. షెడ్డులో పదేళ్లు పడుకున్న "తక్కువ తిరిగిన" బండికి ఇదే జబ్బు. పైగా ఇథనాల్ కలిసిన పెట్రోలు పాత రకం రబ్బరుకి పడదు, పెట్రోలు పైపులూ, పెట్రోలు లాగే ఏసీ పంపు (చల్లదనం ఏసీ కాదు) లోపలి రబ్బరు డయాఫ్రమూ మార్చేసి కూర్చోండి. తమాషా ఏంటంటే క్రాంకు వెనక మాత్రం రబ్బరు సీలే లేదు, స్క్రూ మరలాగా చుట్టు తిరిగిన గాడి ఒకటి ఆయిల్‌ని లోపలికి నెడుతూ ఉంటుంది. అందుకే అది పాడవదు, కింద నాలుగు చుక్కలు కారడమూ మానదు. కొందరు ఆ చుక్కలు చూసి ఇంజన్ దించేస్తారు. అట్ట ముక్క పెట్టుకోండి, చాలు.

నాకు జరిగిన అన్యాయం చెప్పాలి. 2016లో వాటర్ బాడీ, అంటే ఇంజన్‌కి నీళ్లు తిప్పే పంపు, కొంచెం చెమ్మ కక్కితే మేస్త్రీ కొత్తది వేసేద్దాం బాబూ అన్నాడు, సరే అన్నాను. అంబాసిడర్లు తయారయ్యే ఉత్తర్‌పారా ఫ్యాక్టరీ 2014 మేలోనే ఆగిపోయింది కాబట్టి మార్కెట్లో ఉన్నది పాత స్టాకో, డూప్లికేటో. డబ్బా మీద అక్షరాలు కంపెనీవిలాగే ఉన్నాయి. ఐదు నెలలకే షాఫ్ట్ ఊగడం మొదలెట్టి, మే నెల మధ్యాహ్నం మంగళగిరి దగ్గర రేడియేటర్ పొంగింది, అమ్మమ్మని చెట్టు కింద కూర్చోబెట్టి నీళ్ల కోసం తిరిగాను. షాపతను తీసిన వస్తువు మేము తీసుకోమండి అన్నాడు. అదృష్టం కొద్దీ పాత వాటర్ బాడీ షెడ్డు మూలన ఇంకా ఉంది. లేత్ షాపులో కొత్త బేరింగు, సీలు కొట్టించాం, అప్పటికే ముప్ఫై రెండేళ్లు నిండిన ఆ బాడీ ఇప్పటికీ బండి మీదే ఉంది. అప్పట్నుంచి బండి మీంచి ఏది విప్పినా ఇంటికి తెచ్చేస్తున్నాను, మా ఆవిడ తిట్టినా సరే.

కొనేవాళ్లు పెయింటు తర్వాత చూడొచ్చు, మొదట ముందు వైపు చక్రం జాకీ మీద లేపి పైనా కిందా పట్టుకుని ఊపండి. ముందు చక్రాల దగ్గర గ్రీజు నిపుల్స్ ఉంటాయి, వాటికి గ్రీజు పడితే చక్రం మలుపు తిరిగే ఇరుసులు, కింగ్ పిన్‌లు, ఏళ్ల తరబడి వస్తాయి, పడకపోతే అరిగి ఆడతాయి. నిపుల్స్ మీద పెయింటు పూసేసి ఉంటే బేరం అక్కడే ఆపేయండి, ఆ బండికి గ్రీజు గన్ను తగిలి ఎన్నేళ్లయిందో.

ఐదు నెలలు పనిచేసిన ఆ కొత్త వాటర్ బాడీ డిక్కీలో స్టెప్నీ పక్కనే ఉంది. కావాలంటే ఊరికే ఇస్తాను, పేపర్ వెయిట్‌గా బాగుంటుంది.