మస్టాంగ్ నమూనా కిట్: రెక్కకు మంచి మార్కులు, పుస్తకానికి కాదు

సునాబేడ విమాన ఇంజన్ల కర్మాగారంలో పనిచేసి విరమణ పొందిన నేను, జయపురంలోని ఒక బొమ్మల దుకాణం ద్వారా పీ-51డీ మస్టాంగ్ యుద్ధవిమానపు 1/48 (అసలులో 48వ వంతు) ప్లాస్టిక్ కిట్ తెప్పించుకున్నాను. అతికించడం పూర్తయ్యాక స్కేలు పెట్టి చూస్తే రెక్కల చివరల మధ్య 23.5 సెంటీమీటర్లు వచ్చింది. అసలు విమానపు 37 అడుగులకు ఇది చక్కగా సరిపోతుంది.

అసలు మస్టాంగ్‌లో కుడి, ఎడమ రెక్కలను మధ్యలో బోల్టులతో బిగించి, వాటి పైభాగం మీదే పైలట్ గది నేలను ఆనించారు. కిట్‌లోనూ నేల ముక్క రెక్క మీదే కూర్చుంటుంది కనుక, మలుపులో పైలట్ బరువు ఏ దారిన రెక్కకు చేరుతుందో వేలితో తడిమి తెలుసుకోవచ్చు.

నా ఫిర్యాదు వెంట వచ్చిన పుస్తకం మీదే. ఈ విమానం 12 జీలు, అంటే మామూలు బరువుకు 12 రెట్ల భారం, తట్టుకుంటుందని అది ఒక్క ముక్కలో తేల్చేసింది. నిజానికి శాశ్వతంగా వంగిపోకుండా రెక్క భరించవలసిన హద్దు 8 జీలు మాత్రమే. దానికి ఒకటిన్నర రెట్లయిన 12 జీల దగ్గర అది విరిగిపోవచ్చు. ఆ ఎనిమిదైనా 8,000 పౌండ్ల బరువుకు కట్టిన లెక్క. ఇంధనం, తూటాలు నింపాక విమానం 10,000 పౌండ్లు తూగితే, రెక్క మోసే మొత్తం భారం మారదు కనుక హద్దు 6.4కు దిగుతుంది. పైలట్ వెనుక ఉన్న 85 గ్యాలన్ల ట్యాంకు నిండుగా ఉంటే గరిమనాభి వెనక్కి జరిగి, మలుపులో పైలట్ చేతిలోని నియంత్రణ కర్ర దానంతటదే ఇంకా వెనక్కి వచ్చేది. అప్పుడు హద్దు దాటడం మరీ తేలిక. ఆ ట్యాంకును కిట్‌లో శ్రద్ధగా మలిచి, దాని గురించి ఒక్క వాక్యమైనా రాయకపోవడం విడ్డూరం.

మనిషి హద్దును పుస్తకం అసలు తలవలేదు. 6 జీల వద్ద 70 కిలోల పైలట్ 420 కిలోలు తూగుతాడు. రక్తం కాళ్లలోకి దిగిపోతుంది. కనుగుడ్డు లోపల ఒత్తిడి ఉంటుంది కనుక స్పృహ కంటే ముందు చూపు పోతుంది. అందుకే 1944లో మస్టాంగ్ పైలట్లకు పిక్కలను, తొడలను, పొట్టను గాలి సంచులతో నొక్కి పట్టే దుస్తులు ఇచ్చారు. వాటికి గాలి వాక్యూమ్ పంపు గాలిని బయటికి నెట్టే వైపు నుంచి గొట్టం ద్వారా వచ్చేది.

కిట్‌లోని పైలట్ బొమ్మకు ఆ గొట్టమే లేదు. పాత మోటారు చుట్టలోంచి రాగి తీగ తీసి, సీటుకు ఎడమవైపున నేనే అతికించుకున్నాను.