లాగుడు డబ్బానా, మోటార్ స్క్రేపరా? ఎం1 మట్టిపనిలో ఏది మేలు

పెళ్లయిన ఏడాదికే సౌదీ వెళ్లాను. రోడ్డు పనిలో డి8 డోజర్, అంటే ముందు బ్లేడుతో మట్టిని నెట్టే బండి, ఇచ్చారు. మోటార్ స్క్రేపర్ కటింగ్‌లోకి (మట్టి తవ్వే చోటికి) వచ్చి కత్తి దించగానే వెనక నుంచి బ్లేడు ఆనించి నెట్టాలి, అది నిండగానే వదిలి, తర్వాతి బండి కోసం వెనక్కి రావాలి. పొద్దున్నుంచి సాయంత్రం దాకా అదే పని. మా ఫోర్‌మన్ ఐర్లాండ్ మనిషి. లండన్ నుంచి ఉత్తరానికి పోయే ఎం1 రోడ్డు వేస్తున్నప్పుడు ఆయన కుర్రాడు, స్క్రేపర్ నడిపాడు. రాత్రి క్యాంపులో టీ తాగుతూ కూర్చుంటే మాట తిరిగి తిరిగి ఆ రోడ్డు మీదికే పోయేది. ట్రాక్టర్ వెనక లాగే స్క్రేపర్ డబ్బా గొప్పదా, తన ఇంజన్‌తో తానే పరుగెత్తే మోటార్ స్క్రేపర్ గొప్పదా అన్న వాదన మా ఇద్దరి మధ్యా ఎన్నో రాత్రులు సాగింది.

స్క్రేపర్ చూడనివాళ్లకు ఒక మాట. మన దగ్గర ఎక్స్‌కవేటర్ తవ్వుతుంది, టిప్పర్ మోస్తుంది, డోజర్ సర్దుతుంది. స్క్రేపర్ ఈ మూడూ ఒక్కటే చేస్తుంది. చక్రాల మీద పెద్ద ఇనుప తొట్టి, దాని అడుగున అడ్డంగా ఒక కత్తి. తొట్టి దించి ముందుకు నడిపితే కత్తి నేలను పొరలా చెక్కుతుంది, ఆ పొర చాపలా లేచి తొట్టిలోకి ఎక్కుతుంది. నిండాక ముందు మూత వేసి, తొట్టి ఎత్తి, కట్ట మీదికి వెళ్లి మూత తెరవాలి. లోపలి వెనక పలక మట్టిని ముందుకు తోస్తుంది, అది పలుచగా పరుచుకుంటుంది. రోలర్‌కు పని సులువు.

కాగితం మీద లెక్క వేస్తే మోటార్ స్క్రేపర్‌దే గెలుపు. డబ్బాను లాగే గొలుసుల ట్రాక్టర్ (టైర్లకు బదులు ఇనుప పట్టాల మీద నడిచేది) గంటకు 8 కిలోమీటర్లు పోతుందనుకుందాం, మోటార్ స్క్రేపర్ 30 పోతుందనుకుందాం. లీడు, అంటే మట్టి మోసే దూరం, 200 మీటర్లయితే డబ్బాకు నిమిషంన్నర, దీనికి 24 సెకన్లు. తేడా నిమిషం పైచిలుకే. ఒకే ఇంజనున్న మోటార్ స్క్రేపర్ నెట్టే డోజర్ కోసం లైన్లో నిలబడితే ఆ నిమిషం అక్కడే కరిగిపోతుంది. నేను నెట్టేవాణ్ణి కదా, నాకు తెలుసు: ఒక బండి వదిలి రెండోదాని వెనక సరిగ్గా వచ్చి ఆనించేలోగా మూడోది వచ్చి ఆగేది. లీడు 1500 మీటర్లయితే కథ మారుతుంది. డబ్బాకు పోవడానికే 11 నిమిషాలు దాటుతుంది, దీనికి 3 నిమిషాలు. అక్కడ పోటీయే లేదు.

కానీ ఇంగ్లండ్‌లో ఆ లెక్కను తారుమారు చేసింది వాన. ఎం1 పని 1958 మార్చి 24న మొదలైంది. ఆ ఏడు వానలే వానలు. ఆ బాటలో లూటన్ దగ్గర సుద్ద నేల, దానికి ఉత్తరాన బెడ్‌ఫర్డ్‌షైర్‌లో బంకమట్టి. తడిస్తే రెండూ జావే. మట్టిపని వాళ్ల సూత్రం ఒకటుంది: గట్టి నేల మీద టైరు దొర్లడానికి బండి బరువులో 2 శాతం లాగుడు చాలు, టైరు దిగబడిన ప్రతి సెంటీమీటరుకూ మరో 0.6 శాతం కలుపుకోవాలి. నిండు బరువు 50 టన్నులనుకోండి. గట్టి బాట మీద 1 టన్ను లాగుడుతో కదులుతుంది. పది సెంటీమీటర్లు దిగబడితే 4 టన్నులు కావాలి. పైగా తడి బంక మీద టైరుకు పట్టు ఉండదు, ఇంజన్‌లో శక్తి ఉండి కూడా చక్రం ఉన్నచోటే తిరుగుతుంది. గొలుసుల ట్రాక్టర్ అదే బురదలో నిదానంగానైనా పోతూనే ఉంటుంది. వాన వెలిశాక మోటార్ స్క్రేపర్లు బాట ఆరేదాకా నిలబడితే, డబ్బాలు వాటికంటే ముందే కటింగ్‌లోకి దిగేవని ఫోర్‌మన్ చెప్పాడు. నల్లరేగడిలో వానాకాలం పని చేసినవాళ్లకు ఇది ఇంకొకరు చెప్పనక్కర్లేదు.

1959 వేసవి మాత్రం బాగా ఎండింది. ఆ ఎండలో మోటార్ స్క్రేపర్లదే రాజ్యం. జాన్ లైంగ్ కంపెనీ చేతిలో ఉన్న 55 మైళ్లూ 19 నెలల్లో పూర్తయి, నవంబర్ 2న రోడ్డు తెరిచారు. ఎండలోనూ ఒక షరతు ఉంది: బాటను గ్రేడర్ ఎప్పటికప్పుడు చదును చేస్తూ ఉండాలి. గ్రేడర్‌ను తగ్గించి స్క్రేపర్లు పెంచిన సైట్లు నేనూ చూశాను. లోడ్ల సంఖ్య పడిపోతుంది, టైర్లు చిరుగుతాయి.

ఇంకో లెక్క మనిషి ఒంటిది. అప్పటి మోటార్ స్క్రేపర్లకు స్ప్రింగులు ఉండేవి కావు. గుంతలున్న బాట మీద వేగం పెంచితే బండి మొత్తం గుర్రంలా ఎగిరెగిరి పడుతుంది, డ్రైవర్ వెన్ను దాని కింద నలుగుతుంది. మా ఫోర్‌మన్ కుర్చీలోంచి లేవాలంటే ముందు రెండు చేతులూ మోకాళ్ల మీద ఆనించి, ఒక క్షణం ఆగి, అప్పుడు లేచేవాడు. యాభై కూడా నిండని మనిషి. ఆ దృశ్యం నాకిప్పటికీ కళ్లముందే ఉంది. తలుపుల్లేని బండి మీద దుమ్ము, ఇంజన్ చప్పుడు వేరే.

డబ్బాలో సుఖముందని కాదు. పాత డబ్బాలను వైరు తాడుతో నడిపేవారు. ట్రాక్టర్ వెనక ఉన్న విన్చి (తాడు చుట్టే యంత్రం) తాడును లాగితే తొట్టి లేచేది, మూత తెరుచుకునేది. సౌదీలో మాకూ అలాంటిదొకటి ఉండేది, వంతెనల పక్క ఇరుకు చోట్ల కోసం. తాడు మార్చే రోజు తెగిన పోగులు సూదుల్లా లేచి గ్లవుజును చీల్చి అరచేతిలో దిగేవి. ఒకసారి నిండు తొట్టి ఎత్తుతుండగా తాడు తెగి, కొస కొరడాలా వెనక్కి కొట్టింది. సీటు వెనక ఇనుప జల్లెడ ఉండబట్టి బతికాను. తాడు అరిగిందని నేను వారం ముందే చెప్పాను, మార్చలేదు. ఆ కోపం నాకింకా పోలేదు. తర్వాత హైడ్రాలిక్ డబ్బాలు వచ్చాక ఈ బాధ తీరింది.

రెండింటికీ మధ్యదారి అని చాలామంది టీఎస్-24 పేరు చెబుతారు. ముందొక ఇంజన్, వెనకొక ఇంజన్, నాలుగు చక్రాలకూ లాగుడు. యూక్లిడ్ కంపెనీ బండి అది. స్కాట్లాండ్‌లో మదర్‌వెల్ దగ్గర కూడా వాళ్లకు ఫ్యాక్టరీ ఉండేది. మెత్తటి నేలలో అది నెట్టకుండానే నిండుతుంది, నేను చూశాను. గట్టి నేలలో మాత్రం అది కూడా నా బ్లేడు కోసం ఎదురు చూసేది. డీజిల్ మాత్రం రెండు బండ్లంత తాగుతుంది.

నన్నడిగితే లీడు 300 మీటర్ల లోపు, నేల బంక, ఆకాశంలో మబ్బు: డబ్బా. అర కిలోమీటరు దాటి, బాట ఎండి ఉండి, గ్రేడర్ తోడుంటే మోటార్ స్క్రేపర్. మధ్య దూరాల్లో రెండూ పెట్టుకున్న కాంట్రాక్టరే తెలివైనవాడు. ఫోర్‌మన్ మాత్రం చివరిదాకా మోటార్ స్క్రేపర్ పక్షమే, అంత వెన్నునొప్పితో కూడా. పొద్దున్నే ఎండిన బాట మీద ఖాళీ బండిని టాప్ గేర్‌లో వదిలితే కలిగే సంతోషం నీ గొలుసుల బండికి తెలియదనేవాడు.

ఎం1 తర్వాత ఆయన ఎం62 అనే ఇంకో మోటార్‌వే మీద కూడా చేశాడు, పెనైన్ కొండల్లో. 372 మీటర్ల ఎత్తున ఇంగ్లండ్ మోటార్‌వేలన్నిటికీ అదే శిఖరం. అక్కడ నేల నిండా నీళ్లు తాగిన పీట్ (కుళ్లిన మొక్కలతో ఏర్పడ్డ మెత్తటి నేల), దాని కింద రాయి. పీట్‌లో స్క్రేపర్ దిగితే మునుగుతుంది, పేల్చిన రాతి మీద టైర్లు పోతాయి. అలాంటి చోట ఈ రెండింటిలో ఏదీ వద్దు, ఎక్స్‌కవేటర్లూ లారీలూ తెచ్చుకోవాల్సిందే.