థాయ్‌లాండ్, వియత్నాం, శ్రీలంక: పది రోజుల సెలవుకు ఏది మేలు?

మా షడ్డకుడు ఆదివారం పొద్దున్నే ఫోన్ చేశాడు. "అన్నా, సంక్రాంతికి పది రోజులు సెలవు పెడుతున్న. అత్తమ్మతో కలిపి ఆరుగురం. రెండు రోజులు సిటీ, మూడు రోజులు కొండలో గుహలో, ఆఖర్న బీచ్. థాయ్‌లాండా, వియత్నామా, శ్రీలంకా? ఒక్క ముక్కల చెప్పు."

ఒక్క ముక్కలో చెప్పడం నా వల్ల కాలేదు. మూడూ వేర్వేరు ఏళ్ళలో పిల్లాజెల్లాతో తిరిగొచ్చినవాణ్ణి, ఒక్కోచోట ఒక్కో తిప్పలు పడ్డవాణ్ణి. ఆయనకు నాలుగైదు ఫోన్లలో చెప్పినదంతా ఇక్కడ కలిపి రాస్తున్నా.

ఏది అందంగా ఉంటుందని మొదలుపెడితే ఈ పంచాయితీ ఎప్పటికీ తెగదు. మూడూ అందమైనవే. అడగాల్సింది "ఏ నెల?" అని. మనకు బడిపిల్లలతో కదలడానికి ఏడాదిలో మూడే కిటికీలు: సంక్రాంతి, ఎండాకాలం, దసరా. ఈ మూడు దేశాల్లో వానలు మన బడుల క్యాలెండర్ చూసి కురవవు.

ఈ సంగతి నాకు మధ్య వియత్నాంలోని హోయ్ ఆన్‌లో మోకాలి లోతు నీళ్ళలో తెలిసింది. దసరా సెలవుల కోసం ఒక ట్రావెల్ ఏజెంటును అడిగితే "అక్టోబరు వియత్నాంకు సీజన్ సార్" అన్నాడు. అబద్ధం కాదు. ఉత్తరాన ఉన్న హనోయ్‌కి సీజనే. కానీ వియత్నాం ఉత్తరం నుంచి దక్షిణం దాకా దాదాపు 1,650 కిలోమీటర్లు, అంటే ఇంచుమించు రోడ్డు మీద మన హైదరాబాద్ నుంచి ఢిల్లీ అంత. ఢిల్లీలో చలి మొదలైందని చెన్నైలో వాన పడకుండా ఉంటుందా? అక్టోబరు, నవంబరుల్లో మధ్య వియత్నాంలో వరదల కాలం. హోయ్ ఆన్ పాత వీధుల్లో కాగితపు లాంతర్ల కింద నడవాలని వెళ్తే, ఆ వీధుల్లోనే పడవలు తిరుగుతున్నాయి. స్థానికులు మాత్రం సామానంతా మేడ మీదికి చేర్చేసి, ఏటా ఉండేదేగా అన్నట్టు తాపీగా ఉన్నారు. బీచ్ మీద మేం పెట్టుకున్న మూడు రోజులూ హోటల్ గదిలో పేకాటతో అయిపోయాయి.

వియత్నాంను ఒక దేశమనుకోకుండా మూడు ముక్కలుగా చూడాలి. ఉత్తరాన హనోయ్ నగరానికి, హా లాంగ్ అఖాతానికి అక్టోబరు, నవంబరు, మళ్ళీ మార్చి, ఏప్రిల్ బాగుంటాయి. జనవరిలో చలి, పొగమంచు, రోజంతా తుంపర. సముద్రం మీద కొండలు చూడబోతే తెల్లటి దుప్పటి కనిపిస్తుంది. మధ్యలో డా నాంగ్, హోయ్ ఆన్ బీచ్‌లకు మన ఎండాకాలం సెలవులు సరిగ్గా సరిపోతాయి. దక్షిణాన ఫు క్వాక్ దీవికి నవంబరు నుంచి ఏప్రిల్ దాకా పొడి కాలం. మూడు ముక్కలూ ఒకేసారి కుదిరేది మార్చి, ఏప్రిల్‌లలోనే. అప్పుడు మన పిల్లలకు పరీక్షలు.

థాయ్‌లాండ్‌కు రెండు తీరాలు. ఫుకెట్, క్రాబీ ఉన్న అండమాన్ సముద్రం వైపు మే నుంచి అక్టోబరు దాకా నైరుతి వానలు, నవంబరు నుంచి ఏప్రిల్ దాకా అద్దంలాంటి నీళ్ళు. కో సముయ్ ఉన్న గల్ఫ్ వైపు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా జోరువాన. శ్రీలంకదీ ఇదే తీరు. మే నుంచి సెప్టెంబరు దాకా నైరుతి రుతుపవనాలు మిరిస్స ఉన్న దక్షిణ, పడమటి తీరాలను తడిపేస్తే, తూర్పున త్రిన్‌కోమలి, పాసికుడా ఎండగా ఉంటాయి. డిసెంబరు, జనవరుల్లో తిరగబడుతుంది. ఆ దేశం పొడవే 435 కిలోమీటర్లు కాబట్టి ఒక తీరం మూసుకుంటే కారెక్కి ఇంకో తీరానికి పోవచ్చు. వియత్నాంలో ఆ పని చేయాలంటే విమానం ఎక్కాలి.

ఇక రెండో లెక్క. ఎన్నిసార్లు మూటాముల్లె సర్దాలి? మూడు మజిలీల ప్రయాణంలో అందరూ చూసేవాటిని లెక్కేస్తారు, మారేవాటిని లెక్కేయరు. అత్తమ్మ మోకాళ్ళ నొప్పులకు మాత్రల డబ్బా, పిల్లల తడిబట్టలు, నాలుగు సూట్‌కేసులు. ఒక ఊరు నుంచి ఇంకో ఊరికి మారిన రోజు సగం రోజు పోయినట్టే.

థాయ్‌లాండ్‌లో ఈ పని తేలిక. శంషాబాద్ నుంచి బ్యాంకాక్ మూడున్నర గంటలు, అక్కడ రెండు రోజులయ్యాక గంటన్నర లోపు విమానంలో క్రాబీ. అక్కణ్ణుంచి పడవల మీద రోజువారీ చుట్టేసి రాత్రికి అదే గదికి రావచ్చు. శ్రీలంకకు విమానం రెండు గంటల చిల్లర, గడియారం మార్చుకునే పని కూడా లేదు. కానీ లోపల రోడ్లు మోసం చేస్తాయి. పటంలో కాండీ నుంచి ఎల్లాకు జానెడు దూరం. కొండల్లో మెలికలు తిరిగి పోయేసరికి నాలుగు గంటలు దాటింది, మా చిన్నోడు మూడుసార్లు వాంతి చేసుకున్నాడు. రైల్లో పోతే ఆ దారే ఒక వేడుక, తేయాకు తోటల మధ్య నుంచి, మబ్బుల్లోంచి. అయితే 2025 నవంబరులో వచ్చిన దిత్వా తుపానుకు ఆ కొండ రైలుమార్గం బాగా దెబ్బతింది. ఏ మేరకు నడుస్తోందో కనుక్కున్నాకే టికెట్ల మాట. వియత్నాంలో హనోయ్ నుంచి హా లాంగ్‌కు హైవే మీద రెండున్నర గంటలు, డా నాంగ్‌కు మళ్ళీ విమానం. మజిలీ మజిలీకీ మధ్య దూరం ఎక్కువ.

నగరాల విషయంలో నాకు పెద్దగా తర్జనభర్జన లేదు. కొలంబోలో సముద్రపు ఒడ్డున గాల్ ఫేస్ దగ్గర సాయంత్రం కూర్చుని ఇస్సో వడ (రొయ్యల వడ) తినడం మినహా రెండో రోజు ఉండాల్సినంత లేదు. బ్యాంకాక్ మన పంజాగుట్టకు పెద్దన్న, ట్రాఫిక్‌లో కూడా. అందుకే అక్కడ చావో ఫ్రాయా నది మీద పడవ ఎక్కి తిరగాలి. నలభయ్యారు మీటర్ల శయనబుద్ధుడున్న వాట్ ఫో, ఎదురొడ్డున వాట్ అరుణ్, 1782లో కట్టడం మొదలెట్టిన రాజమందిరం అన్నీ నది పక్కనే. రాజమందిరం దగ్గర ఎవడైనా "ఇవాళ మూసేశారు, నా టుక్‌టుక్ ఎక్కు, వేరే గుడి చూపిస్తా" అంటే నవ్వి ముందుకు పోవాలి. ఆ దారి చివర రత్నాల కొట్టు ఉంటుంది. హనోయ్‌కు మాత్రం నేను మనసు పారేసుకున్నా. హోవాన్ కియెమ్ చెరువు చుట్టూ పొద్దున్నే ముసలివాళ్ళ వ్యాయామాలు, ఒక్కో వీధిలో ఒక్కో సరుకు అమ్మే పాత పేట, ఫుట్‌పాత్ మీద చిన్న పీటల మీద కూర్చుని తాగే గుడ్డు కాఫీ. మన బేగంబజార్‌కి ట్యాంక్‌బండ్‌ని కలిపినట్టు ఉంటుంది. చార్మినార్ దగ్గర రోడ్డు దాటిన అనుభవం ఉన్నవాళ్ళకు అక్కడి బైకుల ప్రవాహం లెక్కలోది కాదు.

ప్రకృతి వింతల దగ్గరికొస్తే ఆగి మాట్లాడాలి. హా లాంగ్ కొండలూ థాయ్‌లాండ్ ఫంగ్ ఙా అఖాతం కొండలూ ఒకే వంశం. సున్నపురాయి. వాననీళ్ళు గాలిలోని బొగ్గుపులుసు వాయువును కలుపుకుని కొద్దిపాటి ఆమ్లంగా మారి లక్షల ఏళ్ళు ఆ రాతిని కరిగిస్తూ పోతే, గట్టిగా నిలబడ్డవి స్తంభాల్లా మిగిలాయి. హిమయుగం ముగిసి సముద్రం పెరిగి వాటి మొదళ్ళను ముంచింది. మన బంజారాహిల్స్ బండలు గ్రానైట్. అవి కరగవు, గుండ్రంగా అరుగుతాయి. అందుకే మనకు ఒకదాని మీద ఒకటి నిలబడ్డ గుండ్లు, వాళ్ళకు నీళ్ళలోంచి లేచిన కత్తులు. హా లాంగ్‌లో దాదాపు పదహారు వందల దీవులు, 1994 నుంచి యునెస్కో జాబితాలో ఉంది. రాత్రి పడవలోనే పడుకుని తెల్లారుజామున లేచి చూస్తే మాట రాదు. కాని ఆరింటికల్లా చుట్టూ పడవలే పడవలు. పక్కనే కాట్ బా దీవి వైపున్న లాన్ హా అఖాతం ఇంకాస్త నెమ్మది.

నన్నడిగితే పెద్దవాళ్ళున్న కుటుంబానికి హా లాంగ్ కంటే నిన్ బిన్ దగ్గరి ట్రాంగ్ ఆన్ మేలు. అవే కొండలు, సముద్రం బదులు నది. చిన్న తెడ్డు పడవలో కూర్చోబెట్టి గుహల్లోంచి తీసుకుపోతారు, ఒక్కోచోట తల వంచకపోతే చూరు తగులుతుంది. దగ్గర్లోని తామ్ కాక్‌లో తెడ్డును కాళ్ళతో వేసే ఆడవాళ్ళున్నారు. అత్తమ్మ రెండున్నర గంటలు మోకాలి మాటే ఎత్తలేదు.

క్రాబీ వైపు అదే రాయి వేడి నీళ్ళలో దొరుకుతుంది. రైలే బీచ్‌కు రోడ్డు లేదు. వెనకంతా కొండగోడ, పడవ మీదే పోవాలి. ఒకే చూపులో వింతా, బీచూ రెండూ. అక్కడికి దగ్గర్లోని ఫీ ఫీ దీవుల్లో ఉన్న మాయా బే సంగతి వేరు. జనం తాకిడికి పగడాలు చచ్చిపోతుంటే 2018లో మూసేశారు, 2022 జనవరిలో తెరిచారు. ఇప్పుడక్కడ ఈత లేదు, కాళ్ళు తడుపుకోవచ్చు. ఏటా ఆగస్టు, సెప్టెంబరుల్లో మళ్ళీ మూత. దానికోసమే పోయేవాళ్ళు ఈ ముక్క గుర్తుపెట్టుకోవాలి.

శ్రీలంక వింత రాయిలో సగం, చరిత్రలో సగం. సిగిరియా నూట ఎనభై మీటర్ల బండ, పైన అయిదో శతాబ్దపు కాశ్యపుడి కోట. మెట్లు సుమారు పన్నెండు వందలు, గోల్కొండ బాలాహిసార్‌కు మూడింతలు. పొద్దున ఏడింటికే మొదలెట్టాలి, ఎనిమిది దాటితే బండ పెనమే. సార్క్ దేశాల వాళ్ళకు టికెట్ ధర తక్కువ, పాస్‌పోర్టు గదిలో మర్చిపోతే ఆ తేడా మన జేబులోంచే. కాండీలో మనవాళ్ళు వినాల్సిన కథొకటుంది. 1739 నుంచి 1815 దాకా ఆ రాజ్యమేలింది మదురై నాయకుల బంధువర్గం, తెలుగు మూలాలున్నవాళ్ళు. ఆఖరి రాజు శ్రీ విక్రమ రాజసింహుణ్ణి ఇంగ్లీషువాళ్ళు పట్టుకుని వేలూరుకు పంపారు, ఆయన అక్కడే పోయాడు. బుద్ధుడి దంతం ఉందని చెప్పే దంతధాతు ఆలయం పక్కనున్న చెరువు తవ్వించింది ఆయనే. ఆ మాట చెప్పాక పిల్లలు చెరువును రెండోసారి చూశారు.

బీచ్‌ల గురించి చెప్పడానికి తక్కువే. నీళ్ళ రంగుకు అండమాన్ తీరం, ఖాళీగా ఉండటానికి త్రిన్‌కోమలి, అన్ని హంగులకు డా నాంగ్. మిరిస్సలో నవంబరు నుంచి ఏప్రిల్ దాకా నీలి తిమింగలాలు చూపించే పడవలున్నాయి. మా ఆవిడ అయిదు గంటలు బకెట్ పట్టుకుని కూర్చుంది, తిమింగలం తోక మాత్రం చూసింది. ఇప్పటికీ రెండూ చెబుతుంది.

తిండి దగ్గర శాకాహారులకు మూడు చోట్లా మూడు ఉచ్చులు. థాయ్‌లాండ్‌లో, వియత్నాంలో కూరగాయల వేపుడులో కూడా చేపల సాస్ పడుతుంది. వియత్నాంలో 'చాయ్' అని బోర్డున్న కొట్టయితే శుద్ధ శాకాహారం. థాయ్‌లాండ్‌లో 'జే' అనాలి. ఫుకెట్‌లో చైనీయుల తొమ్మిదో నెల మొదటి తొమ్మిది రోజులూ శాకాహార పండుగ చేస్తారు, చాలా ఏళ్ళు మన నవరాత్రుల్లోనే పడుతుంది. శ్రీలంకలో అంతా మన తిండే అనిపిస్తుంది. అప్పం, ఇడియాప్పం, పప్పు, కొబ్బరి పచ్చడి. ఆ పచ్చడిలోనే ఎండు చేప పొడి కలుపుతారు. అడిగి తినాలి. త్రిన్‌కోమలిలో తమిళుల శాకాహార హోటళ్ళున్నాయి కాబట్టి అక్కడ ఆ బెంగ లేదు. పులిహోర పొడి, కందిపొడి మాత్రం మూడు చోట్లకూ మోసుకెళ్ళాం.

డబ్బు విషయంలో ఒకే హెచ్చరిక. వియత్నాంలో మన రూపాయికి సుమారు మూడు వందల డాంగ్. ఇరవై వేల నోటూ అయిదు లక్షల నోటూ రెండూ నీలమే. చీకట్లో కొబ్బరిబోండానికి పెద్ద నోటిచ్చి వచ్చినవాణ్ణి నేనే. దాదాపు పదిహేడు వందల రూపాయల బోండాం. ఆ దేశపు ఈ-వీసా పాతిక డాలర్లు. పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే పడాలి. ఇంటిపేరు గడి ఖాళీగా ఉన్న పాస్‌పోర్టులు మనలో బోలెడు, అక్కడ నిదానంగా నింపాలి. మిగతా రెండు దేశాల వీసా నియమాలు తరచూ మారుతున్నాయి, టికెట్ కొనే ముందు రోజు వాళ్ళ ప్రభుత్వ సైటే చూడండి.

అన్నీ చెప్పాక షడ్డకుడు విసుక్కున్నాడు. "అయితే ఏందంటవ్?" సంక్రాంతికయితే థాయ్‌లాండ్ అన్నా. బ్యాంకాక్ రెండు రోజులు, క్రాబీ ఆరు రోజులు, ఒక్కసారే మారడం. దసరాకయితే బీచ్ ఆశ వదులుకుని హనోయ్, నిన్ బిన్, లాన్ హా. నా మనసు దానికే ఎక్కువ మొగ్గుతుంది, హోయ్ ఆన్ వరద తర్వాత కూడా. మే నెలయితే శ్రీలంక. కొలంబోలో ఒక్క రాత్రి, కాండీ, సిగిరియా, అక్కణ్ణుంచి తూర్పుకు దిగి త్రిన్‌కోమలి. మేలో డా నాంగ్ కూడా బాగుంటుంది గానీ, ఆరుగురితో అత్తమ్మతో అయితే దగ్గరిదే నయం.

క్రాబీ అని ఖాయం చేసుకున్నాడు. హోటల్ కూడా చూసుకున్నాడు. నిన్న మళ్ళీ ఫోన్. ఆఫీసులో సంక్రాంతికి కుదరదన్నారట, మే రెండో వారంలో తీసుకొమ్మన్నారట. త్రిన్‌కోమలిలో సముద్రం మీది కొండకొమ్మున కోనేశ్వరం గుడి ఉందని ఎవరు చెప్పారో ఏమో, అక్కడ కొబ్బరికాయలకు కొదవ లేదని ఎంత చెప్పినా వినకుండా, అత్తమ్మ ఇక్కణ్ణుంచి ఎన్ని పట్టుకెళ్ళాలో అప్పుడే లెక్కేస్తున్నారు.