మూరింగ్ తాడుకు నేత తొడుగు: కొన్ని సీజన్లు వాడాక

పడవను కట్టి ఉంచే తాడుకు, అంటే మూరింగ్ తాడుకు, వేసే ఈ తొడుగులో నాకు నచ్చిన గుణం ఒక్కటే. దానిలోంచి నీళ్లు పోతాయి. తాడును కాపాడాల్సిన తొడుగు దాన్ని తడవనిస్తే ఎలా అని కొనేటప్పుడు నాకూ అనుమానం వచ్చింది. ఇప్పుడు ఆ ఒక్క గుణం కోసమే మళ్లీ మళ్లీ అదే రకం కొంటున్నాను.

తొడుగంటే పెద్ద వస్తువేమీ కాదు. దళసరి నైలాన్ పట్టీని గొట్టంలా నేసి, మీటరు పొడవున కోసి అమ్ముతారు. తాడును అందులోంచి దూర్చి, అది పడవ అంచు దాటే చోట, అంటే తాడుకు దారి చూపే లోహపు గాడి అయిన ఫెయిర్‌లీడ్ దగ్గర, ఉండేలా సర్దుకోవాలి. తాడు ఎక్కువగా తెగేది అక్కడే అని పడవ ఉన్నవాళ్లకు చెప్పక్కర్లేదు.

నాది 22 అడుగుల తెరచాప పడవ. నీళ్లలో లంగరేసి ఉంచిన తేలే గుండుకు, అంటే బోయకు, కట్టి వదిలేస్తాను, ఒక్కోసారి వారాల తరబడి దాని దగ్గరికి వెళ్లడం కుదరదు. ముందు భాగంలో ఎడమా కుడీ ఒక్కో క్లీట్ (తాడును చుట్టి కట్టే కొమ్ము), వాటి ముందు ఒక్కో ఫెయిర్‌లీడ్. రెండు వైపుల నుంచీ బోయకు రెండు తాళ్లు, ఒకే చుట్టలోంచి కోసిన 14 మి.మీ. ముప్పేట నైలాన్. కుడి తాడుకు పడవతో పాటు వచ్చిన ప్లాస్టిక్ గొట్టం ఉండేది, తోటలకు నీళ్లు పట్టే రకం. ఎడమ వైపు గొట్టం ఎండకు పగిలిపోవడంతో అక్కడ ఈ నేత తొడుగు వేశాను. అంటే తాడు ఒకటే, వయసు ఒకటే, గాలీ అలలూ ఒకటే, తొడుగులు మాత్రం వేరు. నేను పనిగట్టుకుని పరీక్ష పెట్టి ఉన్నా ఇంతకంటే బాగా కుదిరేది కాదు.

మొదటి సీజనంతా రెండింటికీ తేడా కనిపించలేదు. నిజానికి గొట్టమే మెరుగ్గా కనిపించింది. నున్నగా ఉండేది, ఫెయిర్‌లీడ్‌లో హాయిగా జారేది. నేత తొడుగు మీద పీచు లేచి, ఉప్పు పట్టి, చూడ్డానికి దిగజారిపోయింది.

తర్వాత ఒక పెద్ద గాలివాన వచ్చింది. గాలి ఒక దిక్కు నుంచి, ఆటుపోటు ప్రవాహం దానికి ఎదురుగా. ఇలాంటప్పుడు బోయకు కట్టిన పడవ నిలకడగా ఉండదు. గాలికి వెనక్కి లాక్కుంటుంది, ప్రవాహం ముందుకు తోస్తుంది, మళ్లీ పక్కకు తిరిగి తాడును ఒక్కసారిగా బిగలాగుతుంది. గాలి వేగం రెట్టింపైతే దాని ఒత్తిడి నాలుగింతలవుతుంది. ఒడ్డు మీద నిలబడి చూడ్డం తప్ప చేయగలిగింది లేదు. చీకటి పడ్డాక అదీ లేదు, రాత్రంతా టెన్షనే.

మర్నాడు మధ్యాహ్నానికి గాలి తగ్గాక తెడ్ల పడవలో వెళ్లాను. పడవ బోయ దగ్గరే ఉంది. ముందుగా కుడి తాడు చూశాను. గొట్టానికి గీత కూడా పడలేదు, ఫెయిర్‌లీడ్ తాకిన చోట కాస్త మసక అంతే. ఎడమ వైపు నేత తొడుగుకు మాత్రం ఫెయిర్‌లీడ్ అంచు దగ్గర బొటనవేలు పట్టేంత చిల్లు. మొదటి చూపులో గొట్టం గెలిచిందనే అనిపించింది.

కానీ కుడి తాడును చేత్తో వంచబోతే వంగలేదు. గొట్టం లోపల కర్రలా బిగుసుకుపోయింది. చాకుతో గొట్టాన్ని నిలువునా చీల్చి చూశాను. మూడు పేటల్లో ఒకటి పూర్తిగా తెగింది. మిగిలిన రెండింటి మీదా పీచు లేవాల్సింది పోయి మెరుస్తోంది. పోగులు ఒకదానికొకటి అంటుకుపోయి గట్టి పెచ్చులా తయారయ్యాయి, గోరుతో గీరితే పొడి రాలింది. తాడు వేడికి కరిగి, మళ్లీ చల్లారి గడ్డకట్టింది. పైనున్న గొట్టానికి ఏమీ కాలేదు. ఇంకో గంట అదే గాలి వీచి ఉంటే ఆ తాడు ఉండేది కాదని నా గట్టి నమ్మకం.

ఎడమ వైపు చిల్లు పడిన తొడుగును వెనక్కి లాగి చూస్తే కింద తాడు మెత్తగా, తడిగా ఉంది. కాస్త పీచు లేచింది, పోగు ఒక్కటి తెగలేదు. దెబ్బంతా తొడుగే తీసుకుంది.

ఎందుకిలా జరిగిందో ఆలోచిస్తే కారణం కష్టమేమీ కాదు. నైలాన్ సాగుతుంది, అందుకే దాన్ని మూరింగ్‌కు వాడతాం, పడవ కుదుపును అదే మింగుతుంది. కానీ సాగి ముడుచుకున్న ప్రతిసారీ లోపలి పోగులు ఒకదాన్నొకటి ఒరుసుకుంటాయి, పైగా తాడు ఫెయిర్‌లీడ్ మీద ముందుకూ వెనక్కీ కదులుతుంది. అల అలకూ ఇదే, రాత్రంతా ఇదే. ఆ రాపిడిలో పుట్టిన వేడి ఎక్కడికో పోవాలి. తడిసిన తాడులో నీరే దాన్ని తీసుకుపోతుంది, పోగుల మధ్య జారుడునూ ఇస్తుంది. గాలివానలో నీటికి కొదవ లేదు, తొడుగు రానిస్తే చాలు. ప్లాస్టిక్ గొట్టం వాననూ తుంపరనూ బయటే ఆపేసి, వేడిని లోపల బంధించింది. సాధారణ నైలాన్ సుమారు 220 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది, అంతకు చాలా ముందే బలం కోల్పోతుంది. తడిసిన నైలాన్ కూడా తన బలంలో పదో వంతో ఇంకాస్త ఎక్కువో కోల్పోతుందన్నది నిజమే. అయినా ఆ పదో వంతు పోగొట్టుకోవడం నాకిష్టమే, తాడు కరగడం కంటే.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఆ రాత్రి గాలి ఎక్కువసేపు ఏ వైపు నుంచి వీచిందో బట్టి కుడి తాడు మీద బరువు ఎక్కువ పడి ఉండొచ్చు. పడవ రెండు తాళ్ల మీదా సమానంగా ఎప్పుడూ లాగదు. కాబట్టి తేడా అంతా తొడుగుల వల్లేనని నేననను. కానీ కరిగి గడ్డకట్టిన పోగులను చేత్తో పట్టుకుని చూశాక, గాలీ నీరూ ఆడని గొట్టాన్ని నా తాడు మీద మళ్లీ పెట్టలేను.

తర్వాత రెండు వైపులా నేత తొడుగే వేసి వాడుతున్నాను. వాడిన కొద్దీ దాని ఇబ్బందులూ తెలిశాయి. నేను మెచ్చుకున్న గుణమే వీటిలో ఒకదానికి మూలం: నీళ్లు లోపలికి పోతాయంటే నీటిలో ఉన్నవన్నీ పోతాయి. నా బోయ ఉన్న చోట నీరు బురదగా ఉంటుంది. సన్నటి ఇసుక, ఎండిన ఉప్పు పలుకులు పేటల మధ్య చేరి లోపలి నుంచి కోస్తాయి. పడవ దగ్గరికి వెళ్లిన ప్రతిసారీ తొడుగును పక్కకు జరిపి మంచినీళ్లతో తాడును కడగాల్సి వస్తోంది. నీళ్లు శుభ్రంగా ఉండే చోట ఈ బాధ ఉండదనుకుంటాను.

ఎండ మరో సంగతి. పై వైపు నేత కొన్నాళ్లకే వెలిసి పెళుసవుతుంది, గోటితో పీకితే పోగులు ఊడివస్తాయి. తొడుగును సీజన్ సీజన్‌కూ మార్చే వస్తువుగానే లెక్కేసుకోవాలి. దీనికి ఉపశమనంగా నేను ఊహించని లాభం ఒకటి దొరికింది: కింద తాడు రంగు మారలేదు. పక్కన తొడుగు లేని భాగం గరుకెక్కి బూడిద రంగు తిరిగితే, తొడుగు కింది ముక్క కొత్త తాడులా తెల్లగా ఉంది.

కానీ తెల్లగా ఉందని చూడాలంటే తొడుగు జరపాలి. పైనుంచి చూస్తే ఏమీ తెలియదు. బోయకు వేసే తాళ్లకు చివర కంటి ముడి (తాడునే మడిచి అల్లిన ఉచ్చు) ఉంటుంది కాబట్టి, ఒడ్డుకు కట్టే తాళ్లలా అప్పుడప్పుడూ జానెడు వదిలి రాపిడి చోటు మార్చే వీలుండదు. ఎప్పుడూ అదే అంగుళం ఫెయిర్‌లీడ్ మీద ఉంటుంది. అందుకే ఈ తాళ్లకు తొడుగు మరీ అవసరం, దాన్ని జరిపి చూడడం ఇంకా అవసరం.

తొడుగు పాకిపోవడం గురించి కూడా చెప్పాలి. తాడు సాగిన ప్రతిసారీ అది కొంచెం కొంచెం బయటికి జరిగి, ఒకరోజు ఫెయిర్‌లీడ్ దాటి నీళ్ల మీద వేలాడుతుంది. అక్కడ దాని వల్ల ఉపయోగం లేదు. రెండు చివర్లూ తాడుకే బిగించి కుట్టేస్తే తాడు స్వేచ్ఛగా సాగలేదు, కుట్లు తెగుతాయి. నాకు పనిచేసిన పద్ధతి: లోపలి చివరకు చిన్న రంధ్రం చేసి, మైనం పట్టించిన గట్టి దారంతో క్లీట్ మొదలుకు కట్టేశాను. బయటి చివర వదిలేశాను. ఇప్పుడు తొడుగు కదలదు, తాడు దాని లోపల జారుతుంది. లోహం మీద జరగాల్సిన రాపిడి నేత గుడ్డ మీద జరుగుతోంది. అంటించి తెరిచే వెల్క్రో రకం కూడా వాడాను. వేయడం తేలిక, కానీ ఉప్పూ పాచీ పట్టాక దాని పట్టు పోయి, గాలికి విచ్చుకుంది.

ఫెయిర్‌లీడ్ అంచు పదునుగా ఉంటే ఏ తొడుగూ నిలవదు. నా చిల్లు పడిన చోట వేలు పెట్టి తడిమితే లోహం మీద చిన్న గీరు తగిలింది. సన్నటి ఆకురాయితో గుండ్రంగా అరగదీసి, నీటి ఎమరీ కాగితంతో నున్నగా రుద్దాను. ఆ తర్వాత వేసిన తొడుగు చాలా ఎక్కువ కాలం వచ్చింది. ఇందులో ఎంత పుణ్యం తొడుగుది, ఎంత ఆకురాయిది అంటే సగం సగం అంటాను. మొదట్లో తొడుగును తెగ పొగిడి తోటి పడవల వాళ్లకు చెప్పినప్పుడు ఈ సగం మాట చెప్పలేదు, ఇప్పుడు చెబుతున్నాను.

బోయ వైపు చివరకు ఈ తొడుగు పనికిరాదు. అక్కడ తాడును కోసేది నీళ్లలో పట్టే బార్నకిల్స్ అనే పదునైన పెంకుల జీవులు, అవి తొడుగు మీద కూడా పెరుగుతాయి. ఆ చివర థింబుల్ (తాడు ఉచ్చు లోపల అమర్చే లోహపు గాడి) వదులవకుండా చూసుకోవడం, తాడును బోయకు కలిపే షాకిల్ అనే లోహపు కొక్కెం పిన్నును తీగతో బిగించడం, తాడును గీకి శుభ్రం చేయడం, ఇవే దారి.

ఎవరు కొనాలి అంటే, నా పరిస్థితి చూసి మీది చూసుకోండి. నా పడవ చిన్నది, క్లీట్ ఫెయిర్‌లీడ్‌కు జానెడు దూరంలో ఉంది. ఆ కొద్ది దూరంలో తాడు సాగేది తక్కువ, కాబట్టి ఫెయిర్‌లీడ్ మీద కదలికా తక్కువే. క్లీట్ మీటరు వెనక ఉన్న పడవల్లో ఆ కదలిక బాగా ఎక్కువ, అక్కడ ఈ తొడుగు నాకు వచ్చినన్నాళ్లు రాదు. వాళ్లు క్లీట్ నుంచి ఫెయిర్‌లీడ్ దాటేదాకా పాలిస్టర్ ముక్క వేసి, బయట నైలాన్ కలుపుకోవడం మంచిదేమో. పాలిస్టర్ తక్కువ సాగుతుంది, తడిలో రాపిడికి నైలాన్ కంటే బాగా ఓర్చుకుంటుంది. దాని మీద కూడా తొడుగు ఉండాల్సిందే. ఇంకోటి, కొనే ముందు తొడుగు వేసిన తాడు మీ ఫెయిర్‌లీడ్‌లో పడుతుందో లేదో కొలుచుకోండి. చిన్న పడవల ఫెయిర్‌లీడ్లు ఇరుకు. నా 14 మి.మీ. తాడు తొడుగుతో కలిపి బిగుతుగా పట్టింది, 16 మి.మీ. అయితే పట్టేది కాదు. అలా ఇరుకున్నచోట తాడు చుట్టూ బిగించి కుట్టిన పల్చటి తోలే నయం, దాన్ని ఎండకు బీటలు వారకుండా నూనె రాస్తూ ఉండాలి.